మారని గడి: ఆన్‌లైన్ రికార్డులో తప్పును ఎక్కడ దిద్దాలి?

భవిష్య నిధి సొమ్ము కోసం దరఖాస్తు చేస్తే పేరు సరిపోలడం లేదని తిరిగి వస్తుంది. పీఎం కిసాన్ లబ్ధిదారుల జాబితాలో ఉన్న రైతుకు విడత సొమ్ము అందదు. పాఠశాల విద్యార్థికి అపార్ సంఖ్య రాదు. ఇటువంటి సందర్భాల్లో ఎవరైనా మొదట చేసే పని ఒకటే: సంబంధిత వెబ్‌సైటు తెరిచి, తప్పుగా ఉన్న గడిని దిద్దబోతారు. ఆ గడి బూడిద రంగులో కనిపిస్తుంది. ఎంత నొక్కినా అందులో అక్షరం పడదు. కార్యాలయానికి వెళ్లి అడిగితే ‘సిస్టమ్ తీసుకోవడం లేదండీ’ అనే జవాబు వస్తుంది.

ఆ జవాబు అబద్ధం కాదు. కానీ సగమే చెబుతుంది. సిస్టమ్ ఎందుకు తీసుకోవడం లేదు, మరి ఎక్కడికి వెళితే తీసుకుంటుంది అన్న మిగతా సగం తెలియక ప్రజలు నెలల తరబడి తిరుగుతున్నారు. ఆ గడిలోని సమాచారం సాధారణంగా ఆ కార్యాలయానిది అయి ఉండదు. మరొక సంస్థ డేటాబేస్ నుంచి తెచ్చి అక్కడ చూపిస్తున్నది మాత్రమే అవుతుంది. అందువల్ల సవరణ ఆ మరొక చోట జరగాలి. ఇంతవరకు విషయం సులభమే. చిక్కంతా ఆ మరొక చోటు ఏదో కనుక్కోవడంలోను, అక్కడ దిద్దిన తరువాత ఇక్కడ మారేలా చూసుకోవడంలోను ఉంది.

మాతృక, ప్రతి

తాళపత్రాల కాలంలో ఒక గ్రంథానికి మాతృక ఒకటి ఉండేది. దానిని చూసి లేఖకులు ప్రతులు రాసేవారు. ప్రతి రాసేవాడు తనకు తోచిన చోట ఒక అక్షరం దిద్దేవాడు, మరొకడు ఒక పాదం మార్చేవాడు. చివరకు ఏ పాఠం అసలైనదో తేలేది కాదు. 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితులను నియమించి, ఊరూరా సేకరించిన ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి చూపించవలసి వచ్చింది అందుకే. కంప్యూటర్ డేటాబేస్‌ల రూపకర్తలకూ అదే భయం. అందుకే వారు ప్రతిని ఎవరూ దిద్దకుండా తాళం వేశారు.

అనుసంధానం అంటే ఏమిటో ఇక్కడ కొంచెం వివరంగా చూడాలి. ఒక డేటాబేస్‌లోని వివరాలను మరొక డేటాబేస్ నిర్ణీత వ్యవధిలోనో, ఏదైనా సంఘటన జరిగినప్పుడో తెచ్చుకుంటుంది. తెచ్చుకున్న ప్రతిసారీ పాత విలువ మీద కొత్త విలువను రాసేస్తుంది. ఈ ప్రవాహం చాలాచోట్ల ఒకవైపే సాగుతుంది. మాతృకలో మారినది ప్రతిలోకి వస్తుంది. ప్రతిలో మార్చినది మాతృకకు చేరదు. ప్రతిలోని గడికి తాళం లేదనుకుందాం. గుమాస్తా మధ్యాహ్నం మీ పేరు సరిదిద్దుతారు, మీరు సంతోషంగా ఇంటికి వెళతారు. రాత్రి అనుసంధానం జరిగినప్పుడు మాతృకలోని పాత తప్పు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మరునాడు మీరు అడిగితే గుమాస్తా ‘నిన్ననే దిద్దాను కదా’ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. దానికంటే మొదటే అక్షరం పడనివ్వని గడి మేలు. తప్పు ఇక్కడ లేదని అది ముందే చెబుతుంది.

అయితే మారని గడులన్నీ ఈ కారణంతోనే మారవని అనుకోకూడదు. వయసు వంటి గడి పుట్టిన తేదీ నుంచి లెక్కగట్టి చూపేది. దానిని దిద్దాలంటే తేదీని దిద్దాలి. కొన్ని గడులు పై అధికారి లాగిన్‌లో మాత్రమే తెరుచుకుంటాయి. దరఖాస్తు సమర్పించిన తరువాత మూసుకుపోయేవి కొన్ని. ఇన్నిసార్లే మార్చవచ్చునన్న పరిమితి దాటిపోయినవి ఇంకొన్ని. అందువల్ల కార్యాలయంలో అడగవలసిన మొదటి ప్రశ్న ‘దీన్ని ఎప్పుడు మారుస్తారు’ అన్నది కాదు. ‘ఈ గడిలోకి సమాచారం ఎక్కడి నుంచి వస్తోంది’ అని అడగాలి.

ఒకే ఖాతా, గడికో మాతృక

ఉద్యోగుల భవిష్య నిధి ఖాతా ఇందుకు మంచి ఉదాహరణ. 12 అంకెల సార్వత్రిక ఖాతా సంఖ్య, అంటే యూఏఎన్, 2014లో అమలులోకి వచ్చింది. చందాదారు తెరిచి చూస్తే అంతా ఒకే పేజీలో కనిపిస్తుంది. కానీ ఆ పేజీలోని వరుసలు వేర్వేరు ఊర్ల నుంచి వచ్చిన ప్రయాణికుల్లాంటివి. పేరు, లింగం, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోవాలి. ఉద్యోగంలో చేరిన తేదీ, విడిచిన తేదీ యజమాని నమోదు చేసినవి. బ్యాంకు ఖాతా వివరాలను బ్యాంకు ధ్రువీకరించాలి. పాన్‌ను ఆదాయపు పన్ను శాఖ రికార్డుతో పోల్చి చూస్తారు. తప్పు ఒక్క ఖాతాలోనే ఉన్నా, దానిని దిద్దే అధికారం నాలుగు చోట్ల పంచి ఉంది. ‘నా పీఎఫ్ రికార్డు తప్పుగా ఉంది’ అని రాసిన ఫిర్యాదు ఎటూ తేలకపోవడానికి ఇదే కారణం. ఏ గడి తప్పుగా ఉందో చెబితేనే ఎవరి దగ్గరకు వెళ్లాలో తెలుస్తుంది.

2025 జనవరిలో ఈ విషయంలో గణనీయమైన మార్పు వచ్చింది. 2017 అక్టోబరు 1 నాడు గాని, ఆ తరువాత గాని జారీ అయిన యూఏఎన్‌లకు ఆధార్ సరిపోలిక ముందే తప్పనిసరిగా జరిగింది. అందువల్ల అటువంటి చందాదారులు తమ పేరు, పుట్టిన తేదీ, లింగం, తల్లిదండ్రుల పేర్లు, వైవాహిక స్థితి, ఉద్యోగంలో చేరిన, విడిచిన తేదీల వంటి వివరాలను యజమాని ఆమోదం లేకుండానే ఆన్‌లైన్‌లో సవరించుకునే వీలు కల్పించారు. అంతకు ముందు యూఏఎన్ పొందినవారికి మాత్రం యజమాని పాత్ర మిగిలే ఉంది. ఇద్దరు సహోద్యోగులు ఒకే రకమైన తప్పుతో ఉన్నా, ఒకరి గడి తెరుచుకుని రెండవవారిది తెరుచుకోకపోవడం వివక్ష ఏమీ కాదు. ఖాతా పుట్టిన తేదీ తేడా.

పీఎం కిసాన్ విషయం ఇంకాస్త చిత్రమైనది. ఏటా మూడు విడతలుగా 6,000 రూపాయలు అందించే ఈ పథకంలో పేరు ఆధార్‌లో ఉన్నట్లే ఉండాలి. వెబ్‌సైటులో ఆధార్ ప్రకారం పేరు సవరించుకునే సౌకర్యం కూడా ఉంది. పేరు సరిచేసుకున్నా సొమ్ము రాలేదని, లేక పాత బ్యాంకు ఖాతాలో పడిందని కొందరు రైతులు వాపోతుంటారు. దరఖాస్తులో రాసిన ఖాతా సంఖ్యను మళ్లీ మళ్లీ చూసుకుంటారు. ఆధార్ ఆధారిత చెల్లింపులో సొమ్ము ఎక్కడికి పోవాలో నిర్ణయించేది ఆ దరఖాస్తు కాదు. జాతీయ చెల్లింపుల సంస్థ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఏ ఆధార్ సంఖ్య ఏ బ్యాంకుతో జతపడిందో అందులో ఉంటుంది. ఒక ఆధార్‌కు ఒక సమయంలో ఒక్క బ్యాంకే. చివరిసారి ఏ బ్యాంకు ఆ జత నమోదు చేస్తే సొమ్ము దానికే వెళుతుంది. ఆ పట్టికలో మార్పు చేయించేది బ్యాంకు. రైతు సేవా కేంద్రం చుట్టూ, మండల వ్యవసాయాధికారి చుట్టూ తిరిగినా, వారి తెరపై ఆ గడే ఉండదు. ప్రస్తుతం తమ ఆధార్ ఏ బ్యాంకుతో జతపడి ఉందో ఆధార్ ప్రాధికార సంస్థ వెబ్‌సైటులో లాగిన్ అయి చూసుకోవచ్చు.

ఇంటిపేరు ముందా, వెనకా?

తెలుగువారికి ఈ వ్యవహారంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. మన సంప్రదాయంలో ఇంటిపేరు ముందు వస్తుంది. వాడుకలో అది ఒక పొడి అక్షరంగా మారుతుంది. దేశవ్యాప్త దరఖాస్తుల్లో మొదటి పేరు, చివరి పేరు అనే రెండు గడులు ఉంటాయి. కొండవీటి వెంకట సుబ్బారావు అనే పేరు ఉందనుకుందాం. పదో తరగతి ధ్రువపత్రంలో అది పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ‘కె వెంకట సుబ్బారావు’ అవుతుంది. బ్యాంకులో ‘వెంకట సుబ్బారావు కె’ అవుతుంది. పాన్ దరఖాస్తులో పొడి అక్షరాలు పనికిరావు కనుక అక్కడ ఇంటిపేరు పూర్తిగా, చివరి పేరుగా చేరుతుంది. మనిషి చూస్తే నలుగురూ ఒక్కరే. యంత్రం చూస్తే నలుగురు.

దీనికి తోడు రోమన్ అక్షరాల బాధ. సరిపోలిక ఎక్కువగా ఆంగ్ల అక్షరాల్లోనే జరుగుతుంది. ‘సుబ్బారావు’ను ఒక పదంగా రాసేవారు కొందరు, రెండుగా విడదీసేవారు కొందరు. ‘త’కు పక్కన ‘హెచ్’ చేర్చడం మన వైపు అలవాటు, ఉత్తరాదిలో చేర్చరు. ‘లక్ష్మి’ చివర ఐ ఒకటా, ఈలు రెండా అన్నది రాసినవారి ఇష్టం. కొన్ని వ్యవస్థలు పాక్షిక పోలికతో సరిపెట్టుకుంటాయి, కొన్నింటికి అక్షరం అక్షరం, మధ్యలోని ఖాళీతో సహా కలవాలి. వివాహానంతరం ఇంటిపేరు మారిన మహిళల రికార్డుల్లో ఈ చిక్కు రెట్టింపవుతుంది.

పాఠశాలల్లో అపార్ సంఖ్యల నమోదు మొదలైనప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రధానోపాధ్యాయులకు ఇది బాగా అనుభవంలోకి వచ్చింది. కేంద్ర విద్యాశాఖ వారి యూడైస్ ప్లస్ డేటాబేస్‌లో విద్యార్థి పేరు పాఠశాల ప్రవేశ రిజిస్టరు ప్రకారం ఉంటుంది. అపార్ జారీ కావాలంటే అది ఆధార్‌లోని పేరుతో కలవాలి. కలవకపోతే ఏది మార్చాలి? చాలామంది తల్లిదండ్రులు ఆధార్ కేంద్రానికి పరుగెత్తారు. కొన్నిచోట్ల అదే సరైన పని. కానీ ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లు, పుట్టిన తేదీని ఒకసారి, లింగాన్ని ఒకసారి మాత్రమే మామూలు పద్ధతిలో మార్చుకునే వీలుంది. పరిమితి దాటితే ప్రాంతీయ కార్యాలయం ద్వారా ప్రత్యేక ప్రక్రియ నడవాలి. మన రెండు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఇవాళ అపార్ కోసం ఒకసారి, రేపు పాన్ కోసం మరొకసారి మార్చితే, ఎల్లుండి నిజంగా అవసరమైనప్పుడు తలుపు మూసి ఉంటుంది.

పదో తరగతి ధ్రువపత్రాన్ని ఆధారంగా పెట్టుకుని మిగతావాటిని దానికి సరిచేసుకోవడమే మేలైన మార్గమని చెప్పాలి. ఒకసారి జారీ అయిన తరువాత మార్చడం అన్నింటికంటే కష్టమైనది అదే. పిల్లవాడు ఇంకా పదో తరగతికి రాకపోతే, నామినల్ రోల్స్ పంపకముందే పాఠశాల రిజిస్టరులోని పేరును, పుట్టిన తేదీని జనన ధ్రువపత్రంతో పోల్చి చూసుకోవాలి. ఆ దశలో దిద్దడానికి ఒక దరఖాస్తు చాలవచ్చు. దాటిపోతే బోర్డు దాకా వెళ్లాలి.

పుట్టిన తేదీ గురించి ఇంకొక మాట. ఆధార్ నమోదు తొలినాళ్లలో ధ్రువపత్రం లేనివారు చెప్పిన వయసును బట్టి సంవత్సరం లెక్కగట్టి, జనవరి 1వ తేదీని నమోదు చేసిన సందర్భాలు ఎన్నో. పల్లెల్లోని పెద్దలు అనేకులు రికార్డుల్లో ఒకేరోజు పుట్టారు. ఆధార్‌ను పుట్టిన తేదీకి రుజువుగా తీసుకోరాదని ఆ సంస్థే స్పష్టం చేసింది. 2024 జనవరిలో భవిష్య నిధి సంస్థ తన రుజువుల జాబితా నుంచి దానిని తొలగించింది. అదే సంవత్సరం అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఒక ప్రమాద పరిహారం కేసులో వయసు నిర్ధారణకు ఆధార్ కంటే పాఠశాల ధ్రువపత్రాన్నే ప్రమాణంగా తీసుకుంది. అయినా చాలా వ్యవస్థల్లో తేదీ గడి ఆధార్ నుంచే నిండుతోంది. రుజువుగా పనికిరానిది మాతృకగా ఎలా పనికివస్తుందన్న ప్రశ్నకు సూటి సమాధానం కనిపించదు.

మాతృక దిద్దినా ప్రతి మారకపోతే

ఎక్కువమంది చిక్కుకునే చోటు ఇదే. ఆధార్‌లో పేరు సరిచేయించారు, కొత్త కార్డు వచ్చింది. బ్యాంకులో మాత్రం పాత పేరే ఉంది. ‘ఆధార్‌తో అనుసంధానమై ఉంది కదా, దానంతట అదే మారదా?’ అని అడుగుతారు. మారదు. బ్యాంకు మీ ఈ-కేవైసీ తీసుకున్నది ఒకరోజు, ఒకసారి. ఆనాటి వివరాలను తన డేటాబేస్‌లో దాచుకుంది. అది ఆనాటి ఛాయాచిత్రం, అద్దం కాదు. ఆధార్ సంస్థ తన దగ్గర జరిగిన మార్పును దేశంలోని సంస్థలన్నింటికీ పంపదు. ఎవరికి కావాలో వారు మీ సమ్మతితో మళ్లీ తెచ్చుకోవాలి. అందువల్ల మాతృకలో సవరణ పూర్తయ్యాక, ప్రతి ఉన్న ప్రతి చోటికీ వెళ్లి కేవైసీ మళ్లీ చేయించడం తప్పదు.

ఆర్థిక సంస్థల మధ్య మాత్రం ఈ దిశలో కొంత కదలిక వచ్చింది. ఖాతాదారుల కేవైసీ వివరాలకు కేంద్ర రిజిస్ట్రీ ఒకటి ఉంది. ఒక సంస్థ అందులో వివరాలు మార్చినప్పుడు, ఆ ఖాతాదారుతో లావాదేవీలున్న ఇతర సంస్థలకు రిజిస్ట్రీ తెలియజేయాలని, అవి తమ రికార్డులను నవీకరించుకోవాలని రిజర్వు బ్యాంకు 2024 నవంబరులో నిబంధన సవరించింది.

డిజిలాకర్‌లో మరో రకం. 2015లో మొదలైన ఈ సేవలో ‘జారీ అయిన పత్రాలు’, ‘అప్‌లోడ్ చేసిన పత్రాలు’ అని రెండు విభాగాలున్నాయి. రెండవది మనం స్కాన్ చేసి పెట్టుకున్నది. మొదటిది జారీ చేసిన సంస్థ భాండాగారం నుంచి నేరుగా వచ్చేది. మార్కుల పత్రంలో తండ్రి పేరు తప్పుగా ఉందని డిజిలాకర్‌కు ఫిర్యాదు చేస్తే ప్రయోజనం లేదు. బోర్డు తన రికార్డులో దిద్దాలి. దిద్దిన తరువాత మీ లాకర్‌లోని పాత పత్రాన్ని తీసివేసి మళ్లీ తెప్పించుకోవాలి. అప్పటికీ పాతదే వస్తుంటే, బోర్డు కొత్త ముద్రిత పత్రం ఇచ్చింది కానీ తన డిజిటల్ భాండాగారాన్ని మార్చలేదని అర్థం. చేతిలోని కాగితం కొత్తది, తెరపైని పత్రం పాతది అయితే బోర్డుకు ఆ మాటే రాయాలి.

ఆదాయపు పన్ను శాఖ ఈ సమస్యకు కనుగొన్న పరిష్కారం పరిశీలించదగినది. 2021 నవంబరులో ప్రవేశపెట్టిన వార్షిక సమాచార నివేదికలో బ్యాంకులు, కంపెనీలు, రిజిస్ట్రేషన్ కార్యాలయాలు పంపిన వివరాలు ఉంటాయి. అందులోని మొత్తాన్ని పన్ను చెల్లింపుదారు చెరిపివేయలేరు. కానీ ప్రతి వరుస పక్కన తన అభిప్రాయం నమోదు చేయవచ్చు: పూర్తిగా సరికాదని, వేరొకరి పాన్‌కు చెందినదని, వేరే సంవత్సరానిదని, ఒకే లావాదేవీ రెండుసార్లు వచ్చిందని. అప్పుడు సంస్థ నివేదించిన విలువ అలాగే ఉంటుంది, చెల్లింపుదారు చెప్పిన విలువ దాని పక్కన కనిపిస్తుంది. ఆ అభ్యంతరాన్ని మూల సంస్థకు పంపి నిర్ధారణ కోరడం, ఆ ప్రక్రియ ఏ దశలో ఉందో చెల్లింపుదారుకు చూపడం 2024 మే నెలలో మొదలయ్యాయి. మాతృకకు భంగం కలగదు. పౌరుడి మాటకూ చోటు దొరుకుతుంది. మూలంలో కోసిన పన్ను తప్పు పాన్‌కు జమ అయితే మాత్రం పన్ను కోసిన సంస్థ సవరణ నివేదిక దాఖలు చేయక తప్పదు.

మాతృకలోనే తప్పున్నప్పుడు

తెలంగాణ భూరికార్డుల అనుభవం ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. 2017లో జరిగిన రికార్డుల ప్రక్షాళనలో సిద్ధమైన వివరాలే 2018లో రైతుబంధు చెల్లింపులకు, 2020 అక్టోబరులో ప్రారంభమైన ధరణి పోర్టల్‌కు పునాది అయ్యాయి. ప్రక్షాళనలో ఒక సర్వే నంబరు జారిపోయినా, విస్తీర్ణం గుంటల లెక్కలో తగ్గినా, ఆ తప్పు పాసుపుస్తకంలోకి, పెట్టుబడి సాయం జాబితాలోకి, బ్యాంకు రుణ పరిశీలనలోకి వరుసగా ప్రవహించింది. ఇక్కడ ధరణి ప్రతి కాదు, అదే మాతృక. కానీ మండలంలోని తహసీల్దారు తెరపై దిద్దే అధికారం లేదు. పాసుపుస్తకం వివరాల సవరణకు టీఎం 33 అనే మాడ్యూల్‌ను తరువాత చేర్చారు. సవరణ మార్గాలు చాలవన్న ఫిర్యాదులు కొనసాగాయి. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆ చట్టంలో అప్పీలుకు రెండు అంచెలు ఏర్పాటు చేశారు. ప్రతికి తాళం వేయడం సబబే. మాతృకకు కూడా తాళం వేసి, తాళం చెవి జిల్లా కేంద్రంలో ఉంచితే రైతు ఏ గడప ఎక్కాలి?

చట్టపరంగా పౌరుడి చేతిలో కొన్ని ఆధారాలున్నాయి. ఆధార్ చట్టంలోని 31వ సెక్షన్ వివరాలు తప్పుగా ఉన్నప్పుడు, మారినప్పుడు సవరణ కోరే వీలు కల్పిస్తోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని 12వ సెక్షన్ తన సమాచారాన్ని సరిచేయమని, నవీకరించమని అడిగే హక్కును గుర్తించింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన నిబంధనలు 18 నెలల గడువుతో అమలులోకి వచ్చేలా నిర్ణయించారు.

కార్యాలయంలోని పట్టికలకూ ఇదే చిక్కు

ప్రభుత్వ వెబ్‌సైట్లతో పని లేనివారికి కూడా ఈ సమస్య ఎదురవుతుంది. ఎన్నో చిన్న కార్యాలయాలు, స్వచ్ఛంద సంస్థలు గూగుల్ షీట్స్‌లో జాబితాలు నిర్వహిస్తున్నాయి. ఒక షీటులోని పట్టికను ‘ఇంపోర్ట్‌రేంజ్’ అనే సూత్రంతో మరొక షీటులోకి తెచ్చుకుంటారు. అలా వచ్చిన గడిలో ఎవరైనా ఒక ఫోన్ నంబరు దిద్దితే, ఆ ఒక్క గడి మారడానికి బదులు పట్టిక మొత్తం అదృశ్యమై, మొదటి గడిలో ‘రెఫ్’ అనే దోషం కనిపిస్తుంది. కంగారు పడనక్కరలేదు. దిద్దిన గడిని ఖాళీ చేస్తే పట్టిక తిరిగి వస్తుంది. నంబరును అసలు షీటులో దిద్దాలి.

అంతకంటే ప్రమాదకరమైనది కంటికి కనిపించని తప్పు. తెచ్చుకున్న పట్టిక పక్కన ఖాళీ వరుసలో ‘చెల్లించారు’, ‘ఫోన్ చేశాం’ అని సొంత గమనికలు రాసుకుంటారు. అసలు షీటులో ఎవరో పేర్లను అక్షర క్రమంలో మారుస్తారు, లేదా మధ్యలో ఒక పేరు చేరుస్తారు. పేర్లు కిందికి జరుగుతాయి. గమనికలు ఉన్నచోటే ఉంటాయి. చెల్లించిన రామయ్య ఎదుట ఖాళీ, చెల్లించని సోమయ్య ఎదుట ‘చెల్లించారు’! సొంత గమనికలను వేరే షీటులో, ప్రతి వ్యక్తికీ ఒక స్థిరమైన సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్య ఆధారంగా జతపరచుకోవాలి. పేరును జతకు ఆధారం చేసుకోరాదు. పేర్ల సంగతి పైన చూశాం. ఎయిర్‌టేబుల్ వంటి సాధనాలు ఇందుకు కొంత నయం. మూలం నుంచి వచ్చిన గడులను దిద్దనివ్వకపోయినా, వాటి పక్కన సొంత గడులు చేర్చుకోనిస్తాయి, అవి ఆ వరుసతోనే కదులుతాయి.

పెద్ద సంస్థల్లో ఉద్యోగుల వివరాలు సంస్థ సొంత సర్వర్‌లోని యాక్టివ్ డైరెక్టరీ నుంచి మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు వెళుతుంటాయి. క్లౌడ్‌లో హోదానో, విభాగాన్నో మార్చబోతే, ఈ వివరాలకు యాజమాన్యం సొంత సర్వర్‌దే అన్న అర్థంతో తిరస్కరణ వస్తుంది. అది అనుమతుల లోపమని భ్రమించి, ఉన్నతాధికార ఖాతాతో ప్రయత్నించినా ఫలితం అదే. సర్వర్‌లో మార్చి, తదుపరి అనుసంధానం వరకు ఆగాలి.

తమ తెరలపై ప్రతి మారని గడి పక్కన ‘ఇది ఫలానా సంస్థ నుంచి ఫలానా తేదీన వచ్చింది’ అని ఒక చిన్న వాక్యం చేర్చడం సాంకేతికంగా పెద్ద పని కాదు. ఆ సమాచారం సిస్టమ్‌లో ఎలాగూ ఉంటుంది. దానిని పౌరుడికి చూపడానికి ఎందుకు వెనకాడుతున్నారో తెలియదు. అది జరిగేవరకు ఫిర్యాదు రాసేవారే ఆ వాక్యాన్ని సమకూర్చుకోవాలి. కేంద్ర ఫిర్యాదుల పోర్టల్‌లో గాని, సంబంధిత శాఖకు గాని రాసేటప్పుడు ‘నా పేరు తప్పుగా ఉంది, సరిచేయగలరు’ అంటే సరిపోదు. ఏ గడి, అందులో ఇప్పుడు ఏముంది, మాతృకలో ఏముంది, మాతృకలో సవరణ ఏ తేదీన జరిగింది, ఆ సవరణ అభ్యర్థన సంఖ్య ఎంత అన్న వివరాలు ఉండాలి. ఆధార్ సవరణ చేయించినప్పుడు కేంద్రంలో ఇచ్చే రసీదుపై ఆ సంఖ్య ఉంటుంది. దాని స్థితిని వెబ్‌సైటులో గాని, 1947 నంబరుకు ఫోన్ చేసి గాని తెలుసుకోవచ్చు. సవరణ పూర్తయినట్లు కనిపించిన తరువాతే బ్యాంకుకు, భవిష్య నిధికి, పాఠశాలకు వెళ్లాలి. ముందే వెళ్లి ఈ-కేవైసీ చేయిస్తే పాత వివరాలే మరొకసారి నమోదవుతాయి.